రాళ్ల దగ్గర విడిపోండి, భోజనం దగ్గర కలుసుకోండి

ప్రశ్న: నాకు యాభై రెండేళ్లు. జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతాను. బీఈడీలో కలిసి చదువుకున్న ఆరుగురం ఇప్పటికీ స్నేహంగా ఉన్నాం. ఈ సంక్రాంతి సెలవుల్లో కంబోడియా వెళ్లి అంకోర్‌వాట్ చూద్దామని నేనే మొదలుపెట్టాను. అప్పుడు అందరూ సరేనన్నారు. ఇప్పుడు ఒకావిడ మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేనంటోంది. ఇద్దరు ‘పాడుబడ్డ గుళ్లు ఒక్కరోజు చాలు, మిగతా రోజులు బ్యాంకాక్‌లో షాపింగ్ చేద్దాం’ అంటున్నారు. ఇంకొకావిడ ఔననీ చెప్పదు, కాదనీ చెప్పదు, అడ్వాన్స్ కట్టదు. ఒక్కరే నాతో సమానంగా ఉత్సాహపడుతున్నారు. మా ఇంట్లోనేమో ‘ఉద్యోగాల పేరుతో కుర్రాళ్లను మోసం చేసి తీసుకెళ్లేది ఆ దేశానికే కదా’ అని భయం. వాట్సాప్ గ్రూపులో రోజూ వాదనలే. ఇరవై ఐదేళ్లుగా పిల్లలకు బొమ్మలో చూపిస్తున్న గుడి అది. ఒక్కదాన్నే వెళ్లే ధైర్యం లేదు. వాళ్లను బలవంతం చేయాలా, ప్రయాణం మానుకోవాలా?
– ఒక సోషల్ టీచర్, రాజమహేంద్రవరం

జవాబు:

టీచర్ గారూ,

ప్రయాణం మానుకోకండి. ఎవరినీ బలవంతపెట్టకండి కూడా. ఆరుగురూ ఆరు దారులు పట్టారని మీరు బాధపడుతున్నారు. ఆరుగురు మనుషులున్నాక ఆరు ఇష్టాలుంటాయి, అందులో వింతేమీ లేదు. ముడి ఎక్కడ పడిందంటే, అందరూ ఒకే గోడ ముందు ఒకేసారి నిలబడి మీ అంత ఇష్టంగా చూడాలని మీరు ఆశపడుతున్నారు. ఆ ఆశ ఒక్కటి వదులుకోండి. కలిసి వెళ్లండి, ఒకే హోటల్లో దిగండి, రాత్రి భోజనం అందరూ కలిసి చేయండి. గుళ్ల దగ్గర మాత్రం ఎవరి దారి వాళ్లది.

ఈ మాట ఊరికే చెప్పడం లేదు. 2018లో మేం ఐదుగురు స్నేహితురాళ్లం ఒక ట్రావెల్స్ వాళ్ల ప్యాకేజీలో అక్కడికి వెళ్లాం. అంకోర్ మొత్తానికి, అంటే అంకోర్‌వాట్‌తో పాటు చుట్టుపక్కల గుళ్లన్నిటికీ కలిపి, ఒక్కరోజు. తెల్లవారుజామున నాలుగింటికి లేపారు. సూర్యోదయం అయ్యాక అంకోర్‌వాట్‌లో గంటన్నర, బాయన్‌లో అరగంట, మిట్టమధ్యాహ్నం తా ప్రోమ్. అక్కడ మాలో ఒకామె చెప్పు తెగింది. కాలుతున్న రాళ్ల మీద ఒంటి చెప్పుతో నడవలేక ఒక చెట్టు వేరు పక్కన కూర్చుండిపోయింది. ఆలస్యమవుతోందని ఇద్దరు ఆమె మీద విసుక్కున్నారు, నేను వాళ్ల మీద విసుక్కున్నాను. హైదరాబాద్‌లో విమానం దిగేదాకా ఎవరితో ఎవరం సరిగ్గా మాట్లాడుకోలేదు. ముప్పై ఏళ్ల స్నేహం మాది. నేను ఎంతో ఆశపడి వెళ్లిన, అంకోర్‌వాట్‌లో సముద్ర మథనం చెక్కిన గోడ ముందు నిలబడింది నాలుగు నిమిషాలు, అదీ గైడ్ చప్పట్లు కొట్టి పిలుస్తుండగా.

2024 జనవరిలో మళ్లీ వెళ్లాం. ఈసారి ముగ్గురం, మూడు రోజుల టికెట్‌తో. పెట్టుకున్న నియమం ఒక్కటే: పదకొండింటికి అందరూ బండి దగ్గర ఉండాలి. ఈలోపు ఎవరెక్కడ ఉన్నారని ఎవరూ అడగకూడదు. ఆనాడు చెప్పు తెగినామె గుడి ముందున్న కొలను గట్టున, చెట్టు నీడలో రెండు గంటలు కూర్చుంది. కొబ్బరిబోండం తాగుతూ, నీళ్లలో గోపురాలు కదలడం చూస్తూ. ఇప్పటికీ కలిసినప్పుడల్లా ఆ ఉదయం గురించే చెబుతుంది. ఆ రెండు గంటలూ నేను ఒక్క గోడ ముందే ఉన్నాను.

మీ వాదనల్లో సగం టికెట్ దగ్గరే తీరిపోతాయి. అంకోర్ టికెట్ ఒకరోజుకు 37 డాలర్లు, మూడు రోజులకు 62, వారానికి 72. ప్రతి టికెట్ మీదా ఎవరి ఫొటో వాళ్లకుంటుంది కాబట్టి ఆరుగురూ ఒకే రకం కొనాలని లేదు. మూడు రోజుల టికెట్‌ను పది రోజుల్లోపు ఏ మూడు రోజులైనా వాడుకోవచ్చు, వరుసగా వెళ్లక్కర్లేదు. ఒక్కరోజు చాలన్న ఇద్దరినీ 37 డాలర్లదే కొనుక్కోనివ్వండి. మీరు, ఉత్సాహంగా ఉన్న ఆవిడ 62 డాలర్లది తీసుకోండి. ఆ దేశ ప్రభుత్వ సంస్థ అంకోర్ ఎంటర్‌ప్రైజ్ వెబ్‌సైట్‌లోనే కొనవచ్చు, ధర కూడా అక్కడే ఒకసారి సరిచూసుకోండి.

మోకాళ్ల నొప్పులావిడతో ఈ మాట చెప్పండి: అంకోర్‌వాట్‌లో గొప్ప పనంతా కిందే ఉంది. నిట్టనిలువు మెట్లున్నది మధ్య గోపురాల అంతస్తుకి, దాన్ని బాకాన్ అంటారు. పైకి వెళ్లడానికి పొడవాటి క్యూ ఉంటుంది, బౌద్ధుల పవిత్ర దినాల్లో అసలు తెరవరు. అది ఎక్కకపోతే పోయేదేమీ లేదు. శిల్పాలున్న గోడలు మొదటి అంతస్తు చుట్టూ ఉన్న వసారాల్లో ఉన్నాయి. కొద్దిపాటి మెట్లు ఎక్కాక అంతా చదును, పైన రాతి కప్పు, చక్కని నీడ. అయితే పడమటి వాకిలి నుంచి నడక ఎక్కువ. కందకమే 190 మీటర్ల వెడల్పు, అది దాటాక మళ్లీ 350 మీటర్ల రాతి దారి. ఎండెక్కక ముందే ఆవిడను నెమ్మదిగా నడిపించండి. లేదంటే తూర్పు వైపు దించమని బండి అతనికి చెప్పండి. అటు మట్టి దారి, చెట్లు, జనం పలుచన. సముద్ర మథనం గోడ కూడా తూర్పు వసారాలోనే ఉంది.

మీరు మాత్రం పడమటి వాకిలి నుంచే వెళ్లి కుడిచేతి వైపు తిరగండి. గోడ మీ ఎడమచేతికి వస్తుంది, అంటే మన ప్రదక్షిణానికి తిరగేసి అన్నమాట. కథలు ఆ వరుసలోనే సాగుతాయి. గుడి పడమటి ముఖంగా ఉండటం, కథలు అప్రదక్షిణంగా సాగడం చూసి ఇది రాజు అంత్యక్రియలతో ముడిపడిన కట్టడమని వాదించిన పండితులున్నారు. విష్ణువు గుడిగా దీన్ని కట్టించింది ఆ దేశపు రాజు రెండో సూర్యవర్మన్, 12వ శతాబ్దం మొదటి సగంలో. మన హనుమకొండ వేయిస్తంభాల గుడి 1163 నాటిది. పిల్లలకు కాలం చెప్పడానికి ఈ పోలిక మీకు పనికొస్తుంది.

కుడికి తిరగ్గానే కురుక్షేత్రం. ఎడమ నుంచి కౌరవ సేన, కుడి నుంచి పాండవ సేన, మధ్యలో కలబడటం. మొదట్లోనే, గోడ పైభాగంలో ఒక మనిషి బాణాల మీద పడుకుని ఉంటాడు. పక్కన పేరు రాసి ఉండదు. మీకు ఎవరూ చెప్పక్కర్లేదు, భీష్ముడు. ఎక్కడో వేరే దేశంలో, భాష తెలియని చోట, తొమ్మిది వందల ఏళ్ల నాటి గోడ మీద మనింటి పెద్దాయన కనిపించినట్టుంటుంది. ఆ గోడలో చేతికందే భాగమంతా నూనె రాసినట్టు నల్లగా నిగనిగలాడుతుంది. తరతరాల చేతులు తాకి అలా అయిందంటారు. ఇప్పుడు తాకనివ్వరు, తాకకూడదు కూడా.

దక్షిణపు వసారాలో సూర్యవర్మన్ ఊరేగింపు, ఆ తర్వాత యముడు, చిత్రగుప్తుడు, 37 స్వర్గాలు, 32 నరకాలు. వాటికి అరగంట చాలు. తూర్పు వసారాకి చేరాక కూర్చోండి.

49 మీటర్ల పొడవున ఒకే కథ చెక్కారక్కడ. ఎడమవైపు 92 మంది రాక్షసులు, కుడివైపు 88 మంది దేవతలు వాసుకిని పట్టి లాగుతుంటారు. మధ్యలో విష్ణువు, కింద కూర్మం, పైన గాలిలో వరుసగా అప్సరసలు, తోక చివర ఒక వానరుడు. అందరూ వీటినే చూసి వెళ్లిపోతారు. మీరు కిందికి వంగి నీళ్లను చూడండి. రెండు చివరలా చేపలు, మొసళ్లు మామూలుగా ఈదుతుంటాయి. మందరగిరి దగ్గరికి వచ్చే కొద్దీ సుడిలో చిక్కి రెండు ముక్కలై, మూడు ముక్కలై పోతాయి. కొండ ఎంత వేగంగా తిరుగుతోందో చెప్పడానికి ఆ శిల్పి చేపల్ని తెగ్గొట్టాడు. మొదటిసారి నాలుగు నిమిషాల్లో ఇది నాకు కనిపించలేదు. రెండోసారి కనిపించినప్పుడు ఏడుపొచ్చింది. మీ షాపింగ్ స్నేహితురాళ్లు ఇదంతా చూడకపోయినా ఫర్వాలేదు. మీరు చూడకుండా వస్తే మాత్రం నేను బాధపడతాను.

రెండో రోజు పొద్దున్నే బాంతే స్రే వెళ్లండి. అంకోర్ పక్కనే మీరు దిగే సియెమ్ రీప్ ఊరి నుంచి ముప్పై కిలోమీటర్ల పైచిలుకు. చిన్న గుడి, గులాబీ రంగు ఇసుకరాయి, మనిషి ఎత్తు కూడా లేని ద్వారాలు. 967లో ప్రతిష్ఠ జరిగింది. కట్టించింది రాజు కాదు, యజ్ఞవరాహుడనే పండితుడు, రాజకుమారుడికి చదువు చెప్పిన గురువు. మీ వృత్తివాడే. ద్వారాల మీది చెక్కడాల్లో రావణుడు కైలాసాన్ని కుదుపుతుంటాడు, కొండ మీది జంతువులు చెల్లాచెదురవుతుంటాయి, పార్వతి భయపడి శివుణ్ని పట్టుకుంటుంది. మరోచోట ఖాండవ దహనం. పైనుంచి ఇంద్రుడి వాన గీతలు గీతలుగా పడుతుంటే, అడవిలోకి చుక్క రాకుండా బాణాలు అడ్డుపడతాయి. లోపలి భాగానికి తాడు కట్టారు, దూరం నుంచే చూడాలి. ఇంట్లో బైనాక్యులర్ ఉంటే పట్టుకెళ్లండి.

బాయన్ గురించి ఎక్కువ చెప్పను, ఆ రాతి ముఖాల ఫొటోలు అందరూ చూసినవే. అక్కడ కింది గోడల మీద మాత్రం సంత, కోడిపందెం, వంట, టోన్లే సాప్ సరస్సులో పొరుగు చంపా రాజ్యపు చామ్ సైన్యంతో పడవల యుద్ధం ఉంటాయి. కోడిపందెం చూస్తే గోదావరి జిల్లాల వాళ్లకు సంక్రాంతి అక్కడే అయిపోతుంది.

తా ప్రోమ్‌ను అందరూ చెట్ల వేళ్ల కోసం చూస్తారు. ఏడో జయవర్మన్ అనే రాజు తన తల్లి పేరు మీద 1186లో కట్టించిన ఈ మఠంలో దొరికిన సంస్కృత శాసనం నాకు ఆ వేళ్లకన్నా విలువైనదనిపిస్తుంది. గుడిలో 615 మంది నర్తకులు ఉండేవారనీ, రాజ్యంలో 102 ఆరోగ్యశాలలు నడిచేవనీ అందులో ఉంది. మీరు సోషల్ చెబుతారు కాబట్టి వెంటనే మల్కాపురం శాసనం గుర్తొస్తుంది. మన మందడం దగ్గర, రుద్రమదేవి కాలంలో, 1261లో వేయించిన ఆ శాసనంలోనూ ఆరోగ్యశాల, ప్రసూతిశాల ఉన్నాయి. ఇక్కడొక మఠం, అక్కడొక మఠం, రెండు చోట్లా దేవుడి మాన్యంలో రోగులకూ వాటా. తా ప్రోమ్‌లోని నర్తనశాలను బాగుచేసింది మన భారత పురావస్తు శాఖే, 2022లో తెరిచారు. అంతకుముందు 1986 నుంచి 1993 వరకు అంకోర్‌వాట్‌లోనూ మనవాళ్లు పనిచేశారు, ఆ దేశంలో ఇంకా యుద్ధం పూర్తిగా చల్లారని రోజుల్లో.

ఇక మీ ఇంట్లోవాళ్ల భయం. అది లేనిపోని భయమని కొట్టిపారేయకండి. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మించి మన కుర్రాళ్లను కంబోడియా పంపించి సైబర్ మోసాలు చేయించిన ముఠాల సంగతి 2024లో విశాఖపట్నం పోలీసులే బయటపెట్టారు. ఎన్నో కుటుంబాలు ఏడ్చాయి. కానీ ఆ పిల్లలు వెళ్లింది ఏజెంటు చేతిలో పాస్‌పోర్టు పెట్టి, ఉద్యోగం కోసం. మీరు వెళ్లేది తిరుగు టికెట్‌తో, గుళ్లు చూడటానికి. హోటల్ బుకింగ్, తిరుగు టికెట్, ఇన్సూరెన్స్ కాగితాలు ప్రింట్ తీసి ఒక సెట్ ఇంట్లో ఇవ్వండి. ఇమిగ్రేషన్‌లో అడిగినా అవే చూపించాలి. ఆ దేశ రాజధాని నామ్ పెన్‌లోని మన రాయబార కార్యాలయం నంబరు కూడా రాసివ్వండి. పెద్ద గుళ్ల దగ్గర భయం లేదు గానీ, మారుమూల చోట్ల యుద్ధకాలపు మందుపాతరలు ఇంకా తీస్తూనే ఉన్నారు. కాలిబాట దిగి పొదల్లోకి వెళ్లొద్దని అందరికీ చెప్పండి.

నిజంగా పట్టించుకోవాల్సింది వేరే ఉంది. 2025లో థాయ్‌లాండ్, కంబోడియా సరిహద్దులో రెండు సైన్యాల మధ్య కాల్పులు జరిగాయి, రోడ్డు దారులు మూసేశారు. బ్యాంకాక్ నుంచి బస్సులో వెళ్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. టికెట్లు కొనేముందు ఒకసారి, బయలుదేరే వారం ముందు ఒకసారి మన విదేశాంగ శాఖ సూచనలు చూడండి. రద్దు చేసుకుంటే డబ్బు తిరిగొచ్చే హోటళ్లే బుక్ చేయండి.

బ్యాంకాక్‌ను చివర్లో పెట్టండి. ముందు పెడితే సూట్‌కేసులు నిండిపోయి, కాళ్లు అరిగిపోయి గుళ్ల దగ్గరికి వస్తారు. విమానం బ్యాంకాక్ మీదుగా అయితే రెండు విషయాలు చూసుకోండి. విడివిడిగా టికెట్లు కొంటే సామాను బయటకు తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చేయాలి, అంటే థాయ్‌లాండ్‌లోకి ప్రవేశించే నిబంధనలు మీకూ వర్తిస్తాయి. పైగా బ్యాంకాక్‌లో రెండు ఎయిర్‌పోర్టులున్నాయి, ఒకదాంట్లో దిగి ఇంకోదాంట్లో ఎక్కాల్సి వస్తే టెన్షనే. ఆ ఇద్దరూ షాపింగ్‌కి వెళ్లే రోజున మీకు ఓపికుంటే అయుత్తయ వెళ్లిరండి. బ్యాంకాక్‌కు ఎనభై కిలోమీటర్లు. 1767లో బర్మా సైన్యం తగలబెట్టిన రాజధాని అది, ఇటుక గోడలు మిగిలాయి.

వీసా 30 డాలర్లు. ఈ-వీసా ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే తీసుకోండి, అచ్చం అలాగే కనిపించే ప్రైవేటు సైట్లు ఎక్కువ డబ్బు లాగుతాయి. ప్రయాణానికి ముందు వారంలో ఈ-అరైవల్ ఫారం కూడా నింపాలి, దానికి డబ్బు కట్టక్కర్లేదు. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువుండాలి. కొత్త ఎయిర్‌పోర్టు 2023 అక్టోబర్‌లో మొదలైంది, ఊరికి నలభై కిలోమీటర్ల పైనే ఉంది, కాబట్టి హోటల్ వాళ్లతో బండి ముందే మాట్లాడుకోండి. మీరు ప్రభుత్వ టీచర్ కాబట్టి విదేశీ ప్రయాణానికి శాఖ అనుమతి తప్పనిసరి. మీలో ఇంకెవరు ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నా ఇదే. ఆ ఫైలు ఎక్కడ ఎన్నాళ్లు ఆగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు, ఇవాళే పెట్టండి. సంక్రాంతికి కుదరకపోతే వేసవి సెలవులకు మాత్రం మార్చకండి, ఏప్రిల్‌లో అక్కడి ఎండ మన రెంటచింతల ఎండలా ఉంటుంది. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకానే హాయి.

అడ్వాన్స్ కట్టని ఆవిడకు గ్రూపులో కాకుండా ఫోన్ చేయండి, మీరిద్దరే మాట్లాడుకోండి. చేతిలో డబ్బు లేకపోవచ్చు, ఇంట్లో ఒప్పుకోకపోవచ్చు, ఒంట్లో బాగోలేకపోవచ్చు. నలుగురి ముందు ఇవేవీ ఎవరూ చెప్పరు. రాలేనంటే ఇంకొక్క మాట కూడా అడగకుండా సరేననండి. విమానం టికెట్ ఎవరిది వాళ్లే కొనుక్కోవాలి. మీరు అందరి తరఫునా కార్డు గీకితే ఆ బాకీలు మీ స్నేహాన్ని తినేస్తాయి. అక్కడి ఖర్చులకు తలా యాభై డాలర్లు వేసి ఒక ఉమ్మడి పర్సు పెట్టండి. బండి, నీళ్లు, భోజనం అందులోంచి. లెక్క రోజూ రాత్రి అన్నాల దగ్గర చదవండి. అక్కడ డాలర్లు నేరుగా చెల్లుతాయి, చిల్లర మాత్రం వాళ్ల రియెల్‌లో ఇస్తారు, డాలరుకు సుమారు నాలుగు వేలు. చిరిగిన నోటు, గీతలున్న నోటు తీసుకోరు. ఇక్కడ మార్చుకునేటప్పుడే ఒక్కో నోటూ వెలుతురులో చూసి తీసుకోండి.

చీరైనా, పంజాబీ డ్రెస్సైనా ఫర్వాలేదు, భుజాలూ మోకాళ్లూ కప్పి ఉండాలి. కాళ్లకు పట్టీ ఉన్న గట్టి బూట్లే. శాకాహారులుంటే చేపల సాస్ వద్దని విడిగా చెప్పాలి, కూరగాయల కూరలో కూడా అది పడుతుంది. సియెమ్ రీప్‌లో మన హోటళ్లున్నాయి, అయినా కందిపొడి డబ్బా ఒకటి పెట్టుకోండి. మధ్యాహ్నం పదకొండు నుంచి రెండు దాకా ఎవరూ గుళ్ల దగ్గర ఉండొద్దు, హోటల్‌కు వచ్చి పడుకోండి.

ఈ రాత్రే గ్రూపులో ఇలా పెట్టండి: “సియెమ్ రీప్‌లో నాలుగు రాత్రులు, చివర్లో బ్యాంకాక్‌లో రెండు. నేను మూడు రోజులూ గుళ్లు చూస్తాను, నాతో ఎవరైనా రావచ్చు, రాకపోయినా నాకు కోపం లేదు. పొద్దున పదకొండింటికి బండి దగ్గర, రాత్రి ఎనిమిదింటికి భోజనం దగ్గర అందరం ఉండాలి. వచ్చేవాళ్లు ఈ ఆదివారంలోగా ఎవరి టికెట్ వాళ్లు కొని పీఎన్ఆర్ ఇక్కడ పెట్టండి. నేను నాది కొనేశాను.”

కొన్నాకే పెట్టండి.